నల్లరాయికి తగిన తెర: ల్యాప్‌టాప్ ప్యానెళ్లను పోల్చి చూసిన డైరీ

జనవరి, సంక్రాంతి దాటాక

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలకలను ఫొటోలు తీసి, దూరదేశాల కొనుగోలుదారులకు పంపే కేటలాగులు తయారు చేయడం ఒంగోలులో నా వృత్తి. పేరుకు గ్రానైటే గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం ఈ రాయి గాబ్రో జాతికి చెందింది. నల్లని నేల మీద బంగారంలా మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. కొనేవారు ఫొటోలో ప్రధానంగా మూడు సంగతులు చూస్తారు: నలుపు ఎంత చిక్కగా ఉంది, చుక్క ఎంత రంగుగా, ఎంత సమంగా పరుచుకుంది, పలకలో ఎక్కడైనా గీత గానీ మచ్చ గానీ ఉందా. ఈ మూడింటినీ పంపేముందు నేను సరిచూసుకునేది నా ల్యాప్‌టాప్ తెర మీదే. ఒకే ఫైలు నా తెర మీద ఒక తీరుగా, ఫ్యాక్టరీ ఆఫీసులోని మానిటరు మీద మరో తీరుగా కనిపిస్తున్నందువల్ల, యంత్రం మొత్తాన్ని మార్చకుండా తెర ప్యానెల్‌ను మాత్రం మార్చాలనీ, మార్చేముందు దొరికిన ప్యానెళ్లన్నింటినీ కొలిచి పోల్చాలనీ నిర్ణయించుకున్నాను.

నాది 14 అంగుళాల పాత ఆఫీసు తరహా ల్యాప్‌టాప్. దానితో వచ్చిన తెర టీఎన్ అనే పాత, చౌక ఎల్‌సీడీ రకానిది, 1366×768 పిక్సెళ్లది (పిక్సెలంటే తెర మీది బొమ్మలోని అతిచిన్న బిందువు). దీన్ని ‘క’ అని పిలుస్తాను. కర్నూలు రోడ్డులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే అన్న దగ్గర పోలికకు మూడు ప్యానెళ్లు దొరికాయి, మూడూ 1920×1080 పిక్సెళ్ల ఐపీఎస్ రకానివే (ఏ కోణం నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఎల్‌సీడీ రకం ఇది). ‘ఖ’ చౌకరకం కొత్తది. ‘గ’ మదర్‌బోర్డు పోయిన ఒక ల్యాప్‌టాప్ నుంచి విప్పినది, కొంతకాలం వాడినది. ‘ఘ’ కొత్తది, 400 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) ప్రకాశం ఇస్తుందనీ తక్కువ కరెంటు తీసుకుంటుందనీ దాని వివరాల పత్రం చెబుతున్నది.

ఆ పత్రాల్లో అందరి కళ్లూ పడే అంకె రంగుల పరిధి. ‘ఖ’ పత్రంలో ఎన్‌టీఎస్‌సీ 45 శాతం అని, ‘గ’, ‘ఘ’ పత్రాల్లో 72 శాతం అని ఉంది. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా టీవీ ప్రమాణం. నేటి ఫొటోలకు, ఇంటర్నెట్టుకు కొలబద్ద 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ. ఇలాంటి ప్రతి ప్రమాణం, ప్రతి తెరా పలికే రంగులను ఒక పటం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూలలుగా ఉన్న త్రిభుజంగా గీస్తారు. ఎస్‌ఆర్‌జీబీ త్రిభుజం వైశాల్యం ఎన్‌టీఎస్‌సీ త్రిభుజంలో సుమారు 72 శాతం కాబట్టి, 72 అని రాసి ఉంటే ఎస్‌ఆర్‌జీబీ దాదాపు పూర్తిగా పలుకుతుందని, 45 అని ఉంటే అందులో మూడింట రెండు వంతులకన్నా తక్కువే పలుకుతుందని అర్థం చేసుకోవాలి. పత్రంలో చెప్పనిది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక నుంచి వచ్చే వెలుగు, తెరంతటా సమంగా పడుతుందా లేదా అన్న విషయం. నల్లరాయి ఫొటోలకు అదే ముఖ్యమని నా అనుమానం. ఈ పరీక్షలన్నీ ఆ అనుమానాన్ని తేల్చుకోవడానికే.

ఫిబ్రవరి మొదట్లో

ప్యానెల్ మార్చే పనిలో మొదటి అడ్డంకి కేబులు. పాత తెరకూ కొత్త తెరలకూ బోర్డు నుంచి తెరకు బొమ్మను పంపే 30 పిన్నుల ఈడీపీ కనెక్టరే ఉన్నందువల్ల పాత కేబులు కొత్తదానికి చక్కగా దిగుతుంది, కానీ బొమ్మ రాదు. అన్న ఆ కేబులును వెలుతురుకు ఎత్తి పట్టి, కనెక్టరు దగ్గర ఖాళీగా వదిలేసిన పిన్నులను చూపించి, “దీంట్లో ఒక్క లేనే లాగారు తమ్ముడూ, ఫుల్ హెచ్‌డీకి రెండు గావాల” అన్నారు. లెక్క వేసి చూస్తే అది సరిగ్గా సరిపోయింది. ఒక్కో లేను, అంటే సమాచారం వెళ్లే ఒక్కో తీగల జత, సెకనుకు 2.7 గిగాబిట్లు మోస్తుంది, అందులో సంకేతీకరణకు పోగా అసలు సమాచారానికి మిగిలేది 2.16 గిగాబిట్లు. 1366×768 తెరకు అది చాలు; 1920×1080 తెరకు సెకనుకు 60 సార్లు, పిక్సెలుకు 24 బిట్ల చొప్పున పంపాలంటే 3.3 గిగాబిట్ల పైమాటే. అందుకని అదే మోడలులో ఫుల్ హెచ్‌డీ తెరతో వచ్చిన యంత్రపు కేబులు తెప్పించి బిగించాం.

విప్పేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఒకటి ఇక్కడే రాసి ఉంచుతున్నాను. ప్యానెల్ కనెక్టరును తాకేముందు బ్యాటరీని బోర్డు నుంచి తప్పనిసరిగా వేరుచేయాలి. బ్యాక్‌లైట్‌కు వెళ్లే కరెంటు అదే కనెక్టరులో ఉంటుంది, బ్యాటరీ తగిలి ఉండగా పిన్నులు ఒకదానికొకటి ఆనితే బోర్డు మీది చిన్న ఫ్యూజు పోతుంది. ఆ తరువాత ఎంత మంచి ప్యానెల్ పెట్టినా తెర చీకటిగానే ఉంటుంది.

ఫిబ్రవరి రెండో వారం: కొలిచే పద్ధతి

తెలిసిన స్టూడియోవారి ఐవన్ డిస్‌ప్లే ప్రో అనే, తెర రంగులను కొలిచే కలరీమీటరును అడిగి తెచ్చుకున్నాను. కొలతలకు ఆర్గిల్ సీఎంఎస్, దాని మీద నడిచే డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు వాడుతున్నాను. తెర వెలిగించిన వెంటనే కొలిస్తే ఎల్‌ఈడీలు వేడెక్కేకొద్దీ ప్రకాశం, తెలుపు రెండూ జరుగుతాయి కాబట్టి ప్రతి ప్యానెల్‌నూ అరగంట వెలిగించి ఉంచాకే పరికరాన్ని ఆనిస్తున్నాను. పగలు మా గదిలోకి వచ్చే ఎండ ఆపతరం కానిది, అందుకే కొలతలన్నీ చీకటి పడ్డాక, ట్యూబులైటు ఆర్పి తీస్తున్నాను.

పరికరానికి బ్యాక్‌లైట్ రకం సరిగా చెప్పడం చాలా అవసరం. మామూలు తెల్ల ఎల్‌ఈడీ అంటే 450 నానోమీటర్ల దగ్గర వెలిగే నీలి ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫరు పూత. ఆ పసుపు కాంతి వెడల్పుగా పరుచుకుంటుంది, ఎరుపు మాత్రం అందులో పలుచగా ఉంటుంది. రంగుల పరిధి ఎక్కువగా ఉండే కొన్ని ప్యానెళ్లలో కేఎస్‌ఎఫ్ అనే ఎరుపు ఫాస్ఫరు వాడతారు, దాని కాంతి 631 నానోమీటర్ల దగ్గర సన్నని శిఖరంలా లేస్తుంది. కలరీమీటరులోని ఫిల్టర్లు మన కంటి స్పందనకు పూర్తిగా సరిపోవు కాబట్టి, ఒక రకం కాంతికి చేసిన సవరణతో మరో రకం కాంతిని కొలిస్తే తెలుపే తప్పుగా వస్తుంది. ప్రతి ప్యానెల్‌కూ తగిన సవరణ ఫైలు ఎంచుకున్న తరువాతే అంకెలు రాసుకుంటున్నాను.

లక్ష్యంగా పెట్టుకున్నవి: తెలుపు డీ65 (సుమారు 6,500 కెల్విన్ల పగటి తెలుపు; అంకె పెరిగితే నీలం వైపు, తగ్గితే పసుపు వైపు), గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) 2.2, ప్రకాశం 120 నిట్లు. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలో చెప్పిన తెర ప్రకాశం 80 నిట్లే గానీ, నేను పనిచేసే గది అంత చీకటిగా ఉండదు.

ఫిబ్రవరి మూడో వారం: రంగులు

‘క’ సంగతి త్వరగా తేలిపోయింది. తెలుపు 7,300 కెల్విన్ల దగ్గర నీలంగా ఉంది, కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ వెలుగు నిష్పత్తి, 420కి 1, ఎస్‌ఆర్‌జీబీలో 58 శాతమే పలుకుతున్నది. అంకెలకన్నా పెద్ద లోపం టీఎన్ స్వభావంలోనే ఉంది: తల కాస్త పైకెత్తినా దించినా గామా మారిపోతుంది, ఒకే నలుపు తెర పైభాగంలో చిక్కగా, కిందిభాగంలో బూడిదగా కనిపిస్తుంది. దీన్ని ఎంత క్యాలిబ్రేట్ చేసినా (కొలిచి లక్ష్యానికి సవరించినా) పలక మొత్తాన్ని ఒక్క చూపులో అంచనా వేయడం అసాధ్యం.

‘ఖ’లో ఆ కోణం బాధ లేదు. కాంట్రాస్ట్ 960కి 1 వచ్చింది. రంగుల పరిధి మాత్రం పత్రంలో చెప్పినట్టే ఉంది: క్రొమాటిసిటీ పటం అనే రంగుల పటంలో ఎస్‌ఆర్‌జీబీ ఎరుపు 0.640, 0.330 వద్ద ఉండాలి, ‘ఖ’ ఎరుపు 0.588, 0.348 వద్దే ఆగిపోయింది, అంటే ఎరుపు ఇటుక రంగు వైపు వాలింది. నీలం కూడా వెలిసినట్టుంది. తెర రంగుల తీరును రాసి ఉంచే ప్రొఫైల్ అనే ఫైలు ఎంత బాగా తయారుచేసినా, ప్యానెల్ పలకలేని రంగును సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు; పలకగలిగిన రంగులను మాత్రమే వాటి స్థానాల్లోకి సర్దగలదు.

ఇక్కడ నాకు నిజంగా పనికొచ్చిన పరీక్ష, రాయి చుక్కల రంగులనే తీసుకుని లెక్కించడం. నా ఫొటోల నుంచి చుక్కల రంగులు ఏరి చూస్తే, ఎక్కువ భాగం ఎరుపు 176, ఆకుపచ్చ 124, నీలం 62 పరిసరాల్లో ఉండే కంచు రంగు. దీన్ని క్రొమాటిసిటీ పటంలోకి మార్చితే 0.45, 0.415 వస్తుంది, అది ‘ఖ’ త్రిభుజం లోపలే హాయిగా పడుతుంది. కాంతి సూటిగా తగిలినచోట 214, 132, 30 లాంటి మండే నారింజ వస్తుంది. దాని స్థానం 0.50, 0.427, అది ‘ఖ’ గీతకు వెంట్రుకవాసి బయట పడింది. అంటే ప్రొఫైల్‌ను గౌరవించే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో చూసినంతకాలం, చౌక ప్యానెల్ మీద కూడా చాలా చుక్కలు సరైన రంగులోనే కనబడతాయి, బాగా మెరిసేవి మాత్రమే మందగిస్తాయి. ప్రొఫైల్‌ను పట్టించుకోని చోట అన్ని చుక్కలూ వెలిసినట్టే ఉంటాయి, అలా చూసి రంగు పెంచితే మంచి తెర ఉన్నవారికి ఆ చుక్కలు కాషాయంగా కనిపిస్తాయి.

‘గ’ 95 శాతం, ‘ఘ’ 98 శాతం ఎస్‌ఆర్‌జీబీ పలికాయి. క్యాలిబ్రేషన్ తరువాత, ఉండవలసిన రంగుకూ తెర చూపిన రంగుకూ మధ్య దూరాన్ని చెప్పే డెల్టా ఈ 2000 తేడా (ఎంత తక్కువైతే అంత మంచిది) సగటున ‘గ’లో 1.1, ‘ఘ’లో 0.8. ‘ఖ’లో అది 3.6, ఎరుపు దగ్గర ఇంకా చాలా ఎక్కువ. ‘గ’ తెలుపు మొదట కాస్త పసుపుగా 6,250 కెల్విన్ల వద్ద ఉన్నా, సవరణతో లక్ష్యానికి వచ్చింది. రంగు ఒక్కటే చూస్తే ‘ఘ’ గెలిచినట్టే. కానీ చుక్కల రంగులన్నీ ‘గ’ పరిధిలో కూడా సుఖంగా ఇముడుతున్నందువల్ల, ఆ మూడు శాతం తేడా నా పనిలో ఎక్కడా కనిపించదు.

శివరాత్రి మరునాడు: బ్యాక్‌లైట్

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. నల్లరాయి పలక ఫొటోలో నేల రంగు 255లో 12 నుంచి 28 మధ్య ఉంటుంది. 6 బిట్ల ప్యానెల్‌కు ప్రతి రంగులో 64 మెట్లే ఉంటాయి, అంటే 8 బిట్లలోని నాలుగు మెట్లకు దీనిలో ఒక్కటి. నా నల్లరాయి నేలంతా అటువంటి ప్యానెల్ మీద నాలుగైదు మెట్లలో ఇరుక్కుంటుంది. మధ్య మెట్లను వేగంగా మార్చి మార్చి చూపే ఎఫ్‌ఆర్‌సీ పద్ధతి ఈ లోటును చాలావరకు పూడుస్తుంది గానీ, దాని మీద క్యాలిబ్రేషన్ వక్రరేఖను బలంగా వంచితే నలుపులో మెట్లు మెట్లుగా పట్టీలు కనబడతాయి. ‘ఖ’లో అవి స్పష్టంగా కనిపించాయి.

నలుపు లోతును లెక్కలో చెప్పాలంటే, తెలుపును 120 నిట్ల వద్ద నిలిపినప్పుడు ‘క’ నలుపు సుమారు 0.29 నిట్లు, ‘ఖ’ 0.125, ‘గ’ 0.11, ‘ఘ’ 0.086. ఇక్కడా ‘ఘ’దే పైచేయి. కానీ ఇవి తెర మధ్యలో తీసిన కొలతలు. పలక ఫొటో తెరంతా పరుచుకుంటుంది కాబట్టి, డిస్‌ప్లేకాల్‌లోని సమత పరీక్షతో తెరను ఐదు వరుసలు, ఐదు నిలువులుగా విడగొట్టి 25 చోట్ల కొలిచాను. ‘గ’లో అన్ని చోట్లా తేడా మధ్య కొలత నుంచి 7 శాతం లోపే ఉంది. ‘ఘ’లో ఎడమవైపు కింది మూల 19 శాతం తక్కువ, దాని పక్కనే కాస్త నీలపు ఛాయ.

బొమ్మల్లోనో సినిమాల్లోనో ఇది ఎవరి కంటా పడదు. గెలాక్సీ పలకను తెరంతా పెట్టి చూసినప్పుడు మాత్రం ఆ మూల అచ్చం రాతిలోని మచ్చలా ఉంది. ఫ్యాక్టరీలో తనిఖీ చేసే పెద్దాయనకు ఏమీ చెప్పకుండా చూపిస్తే, ఆయన వేలితో అదే మూలను చూపి, “ఇక్కడేంది నీడ బడింది? ఈ పలక పక్కన పెట్టండి” అన్నారు. ఫొటోను అటుఇటు తిప్పి చూపినా నీడ తెరతోనే ఉండిపోయింది, రాయితో కదలలేదు. మంచి పలకను మచ్చ ఉన్నదని తీసేయడానికీ, మచ్చ ఉన్న పలకను తెర లోపమని వదిలేయడానికీ ఇలాంటి తెర దారితీస్తుంది. అందుకే ఈ పనిలో రంగు పరిధికన్నా వెలుగు సమతే పెద్ద పరీక్ష అని గట్టిగా చెప్పగలుగుతున్నాను.

చీకట్లో పూర్తి నలుపు తెర పెట్టి చూడడం మరో పరీక్ష. అంచుల్లో కనిపించే తెల్లదనం రెండు రకాలు. తల పక్కకు జరిపితే అదీ జరిగి, రూపు మారితే అది ఐపీఎస్ సహజ లక్షణం, ఏమీ చేయలేం. తల ఎటు జరిపినా ఉన్నచోటే నిలిచి ఉంటే అది అంచు నుంచి వెలుతురు కారడం. దానికి తరచుగా కారణం ప్యానెల్ మీద పడే ఒత్తిడి. ‘గ’ పైఅంచున కుడివైపు ఇలా కారుతున్నది. ప్యానెల్‌ను మళ్లీ విప్పి, వెనకవైపు దీపం కింద ఏటవాలుగా పట్టి చూస్తే, పాత యజమాని దగ్గరో మునుపటి మరమ్మతులోనో అంటించిన రెండువైపులా జిగురున్న టేపు ముక్క ఒకటి లోహపు రేకు మీద మిగిలిపోయి ఉంది, దాని మీద మరో పొర. ఆ మందం వల్ల మూతలో కూర్చున్నప్పుడు ప్యానెల్ అక్కడ ఉబ్బి నొక్కుకుపోతున్నది. అన్న హెయిర్ డ్రయ్యరుతో కొద్దిగా వేడిచేసి, గోటితో అంచు లేపి, టేపును సాగదీస్తూ తెరకు సమాంతరంగా లాగారు. “పైకి పీకగూడదు తమ్ముడూ, లోపలి షీటు లేస్తది. అట్టా బిగిస్తే మళ్లీ కారతది, స్క్రూలు కూడా చివర్లో ఒకేసారి బిగించొద్దు” అన్నారు. మూలల స్క్రూలను కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించి వెలిగిస్తే, ఆ తెల్లదనం కంటికి ఆనీ ఆననంతగా తగ్గింది.

‘ఘ’ మీదా ఇదే ప్రయత్నం చేశాం, మూతలో బిగించకుండా బల్ల మీద వదులుగా పెట్టి కూడా కొలిచాం. కింది మూల మసక మాత్రం ఏమీ మారలేదు. ఒత్తిడి వల్ల వచ్చేది నలుపులో కారే వెలుతురు. తెలుపులో వెలుగు తగ్గడం లోపలి కాంతి పలక సమస్య. ఎల్‌ఈడీలు కింది అంచున వరుసగా ఉండి, వాటి కాంతిని ఆ పారదర్శక పలక తెరంతా మోసుకెళ్తుంది. ఆ పలకను, దాని మీది పలుచని షీట్లను విప్పితే దుమ్ము చేరకుండా తిరిగి కూర్చడం దుకాణంలో అయ్యే పని కాదు, చీమకుర్తి రాతిపొడి గాలిలో ఉండే ఊళ్లో అసలే కాదు. అందుకే దాని జోలికి వెళ్లలేదు.

మార్చి మొదటి వారం: మినుకు

ఎక్కువ గంటలు చూసే తెరకు మినుకు ఒక ముఖ్యమైన విషయం. ప్రకాశం తగ్గించడానికి చాలా తెరల్లో ఎల్‌ఈడీలను వేగంగా ఆర్పి వెలిగిస్తారు. కరెంటు హెచ్చుతగ్గులను రేఖగా చూపే అన్న ఆసిలోస్కోపుకు, వెలుగును పసిగట్టే ఒక ఫొటోడయోడు కలిపి తెర ముందు పెడితే, సగం ప్రకాశంలో ‘ఖ’ రేఖ సెకనుకు 200 సార్లు పూర్తిగా పడి లేస్తున్నది. 2015 నాటి ఐఈఈఈ 1789 సిఫారసు ప్రకారం 200 హెర్ట్జ్ వద్ద హెచ్చుతగ్గు 16 శాతం దాటకపోతేనే ప్రమాదం తక్కువ. ఇక్కడ అది నూరు శాతం. పరికరం లేనివారు తెల్ల తెర ముందు పెన్సిలును వేగంగా ఊపి చూడవచ్చు: మినుకు ఉంటే పెన్సిలు చాలా ముక్కలుగా విడివిడిగా కనిపిస్తుంది, లేకపోతే ఒక మసక విసనకర్రలా పరుచుకుంటుంది. ‘గ’, ‘ఘ’ రెండింటిలోనూ నేను పనిచేసే ప్రకాశం వద్ద రేఖ దాదాపు సమంగా ఉంది, కాబట్టి ఎంపికలో మినుకు పాత్ర ‘ఖ’ను పక్కన పెట్టడంతో ముగిసింది.

మార్చి రెండో వారం: ఎంపిక, బిగింపు

ల్యాప్‌టాప్‌లో ‘గ’ బిగించాం. రంగు, నలుపు లోతు కొలతల్లో ‘ఘ’ ముందున్నా, నేను చూసే వస్తువు తెరంతా పరుచుకున్న చిక్కని నలుపు కాబట్టి సమంగా వెలిగే తెరకే ఓటు వేశాను. వీడియోలు, ఆఫీసు పనులు చేసేవారికీ, ఆరుబయట ల్యాప్‌టాప్ వాడేవారికీ మాత్రం నేను ‘ఘ’నే సిఫారసు చేస్తాను, ఎండలో 400 నిట్లు నిజంగా పనికొస్తాయి. అన్న దాన్ని ఒక సర్వేయరు ల్యాప్‌టాప్‌కు ఉంచారు.

బిగించిన తరువాత ఒక పాలిష్ చేసిన నమూనా ముక్కను, దాని ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూశాను. రాయి మీద పడే దీపకాంతి, తెర తెలుపు రెండూ దగ్గరగా ఉండేలా పగటి వెలుతురు రకం బల్బు పెట్టాను. చుక్కల రంగు బాగా కలిసింది. నలుపు మాత్రం రాయిలోనే చిక్కగా ఉంది. ఈ ప్యానెల్‌కు అంతకుమించి లోతు రాదు. ఫొటోలో నలుపును ఇంకా కిందికి దించాలన్న కోరిక ఇక్కడే పుడుతుంది, అలా దించితే చిన్న చుక్కలు ముందు మాయమవుతాయి. అందుకని నేల రంగు 12కు కిందికి పోకుండా ఒక హద్దు పెట్టుకుని, దాన్ని కేటలాగు టెంప్లేటులోనే అమర్చాను.

ప్రొఫైల్‌ను విండోస్ మర్చిపోకుండా డిస్‌ప్లేకాల్ లోడరును వెంట నడిచేలా పెట్టాను, రాత్రి వెలుగు అనే పసుపు ఛాయను, ప్రకాశాన్ని తనంతట తాను మార్చే సదుపాయాన్నీ ఆపేశాను. ‘గ’ వాడిన ప్యానెల్ కాబట్టి దాని తెలుపు ఎటు జరుగుతున్నదో చూడడానికి ప్రతి నెలా ఒకసారి కొలిచి ఇదే డైరీలో రాస్తాను. మండువేసవిలో గది వేడెక్కినప్పటి కొలత విడిగా కావాలి. కలరీమీటరు తిరిగి ఇచ్చేముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది: ఫ్యాక్టరీ ఆఫీసులోని మానిటరును కూడా ఇదే లక్ష్యాలకు క్యాలిబ్రేట్ చేయాలి. మేనేజరు గారు ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు తెరిచి ఉంచుతామన్నారు, కిటికీలకు మూయడానికి నల్లగుడ్డ మాత్రం నన్నే తెచ్చుకోమన్నారు.